తప్పు లేని వాక్యం, తిరగబడిన అర్థం: ఒక మెయింటెనెన్స్ ఇంజనీరు ఇంగ్లీషు నివేదికలపై కేస్ స్టడీ

ఉద్యోగరీత్యా ఇంగ్లీషులో రాయవలసి వచ్చే తెలుగువారికి ఆ రాతలో శిక్షణ ఇవ్వడం నా వృత్తి. ఇక్కడ వివరిస్తున్నది ఒక మెయింటెనెన్స్ ఇంజనీరు విషయం. ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను; ఆయననూ ఆయన సంస్థనూ గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసివేశాను. యంత్రాల సంగతి క్షుణ్ణంగా తెలిసిన మనిషి. ఆయన రాసే ఇంగ్లీషులో వ్యాకరణ దోషాలు అరుదు, స్పెల్లింగు తప్పులు దాదాపు ఉండవు. అయినా, ఆ నివేదికలు చదివే పై అధికారి, తెలుగు తెలియని వ్యక్తి, ఒక ఫిర్యాదు చేశారు: కాగితం మీద చదివినప్పుడు ఒకటి అర్థమవుతుందని, ఫోన్ చేసి అడిగితే ఇంజనీరు దానికి సరిగ్గా వ్యతిరేకమైన మాట చెబుతున్నారని. ఆ ఫిర్యాదు తర్వాతే ఆయన నా దగ్గరికి వచ్చారు.

ఇది మామూలు తప్పుల కేసు కాదని మొదటే చెప్పాలి. వ్యాకరణం తప్పితే చదివేవారికి వెంటనే తెలుస్తుంది. అనుమానం వస్తే అడుగుతారు. వాక్యం నిర్దోషంగా ఉండి అర్థం మాత్రం మారిపోతే అడగవలసిన అవసరమే ఎవరికీ తోచదు. చదివినవారు నమ్ముతారు, నమ్మి పనిలోకి దిగుతారు. స్పెల్లింగు సరిచూసే సాఫ్ట్‌వేరుకూ అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. తికమక పెట్టే ఇంగ్లీషు పదాల గురించి బోధించేటప్పుడు ఈ రకాన్ని మిగతావాటితో కలిపి ఒకే జాబితాలో వేయడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఈ కేసు ఆ అభిప్రాయాన్ని మరింత గట్టిపరిచింది.

పంపు సీలు నివేదిక

ఫిర్యాదుకు దారితీసిన వాక్యం ఇది: ‘ఐ డౌట్ దట్ ద మెకానికల్ సీల్ ఈజ్ లీకింగ్.’ ఒక పంపులో ప్రెషరు పడిపోతోంది. కారణం సీలేనని (పంపు లోపలి ద్రవం బయటికి కారకుండా ఆపే భాగం) ఇంజనీరు గట్టిగా భావించి ఈ వాక్యం రాశారు. అది చదివిన అధికారికి అర్థమైనది ‘సీలు కారడం లేదనే అనుకుంటున్నాను’ అని. దాంతో సీలు జోలికి పోకుండా ముందు సక్షన్ వైపు, అంటే పంపులోకి ద్రవం వచ్చే వైపు, ఉన్న స్ట్రైనరు (వడపోత జల్లెడ) విప్పించారు, ఆ తర్వాత పైపుల జాయింట్లు చూపించారు. చివరికి దోషం సీలులోనే తేలింది.

ఇంగ్లీషులో ‘ఐ డౌట్ దట్’ అంటే, ఆ తర్వాత వచ్చే మాట నిజం కాదేమోనన్న వైపు మొగ్గు. ‘ఐ సస్పెక్ట్ దట్’ అంటే నిజమేనేమోనన్న వైపు మొగ్గు. రెండూ అనిశ్చితినే చెబుతాయి, కానీ ఎదురుబొదురు దిక్కులు చూస్తాయి. తెలుగులో ఈ రెంటికీ మనం ‘అనుమానం’ అనే వాడతాం. అలాగని తెలుగులో ఆ తేడా లేదనుకోకూడదు. ‘సీలు కారుతోందని నా అనుమానం’ అంటే కారుతోందనే నమ్మకం. ‘సీలు కారుతోందా అన్నది అనుమానమే’ అంటే ఆ నమ్మకం లేదని. మొగ్గు ఎటో తేల్చేది ‘అనుమానం’ అన్న పదం కాదు, దాని ముందున్న ‘అని’, ‘ఆ’ అన్న చిన్న ముక్కలు. తెలుగు ఆ ముక్కల మీద పెట్టిన భారాన్ని ఇంగ్లీషు క్రియ మీద పెట్టింది. ఇంజనీరు ‘అనుమానం’ అన్న మాటను మాత్రం ఇంగ్లీషులోకి తీసుకువెళ్లారు, ‘అని’ చేసే పని ఇక్కడే ఉండిపోయింది.

దీన్ని తెలివితక్కువతనంగా చూడడం అన్యాయం. ఇంగ్లీషులోనే ఒకప్పుడు డౌట్‌కు ‘అలా జరిగిందేమోనని శంకించడం’ అన్న అర్థం ఉండేది. షేక్‌స్పియర్ నాటకాల్లో పాత్రలు ఆ అర్థంలో దాన్ని వాడతాయి. స్కాట్లండ్ వాడుకలో నేటికీ వర్షం వస్తుందని డౌట్ అంటే, వచ్చేలా ఉందనే అర్థం. కాబట్టి మా ఇంజనీరు రాసిన వాక్యం చరిత్రలో ఎక్కడా లేని వింత ఏమీ కాదు. నేటి సామాన్య ఇంగ్లీషులో మాత్రం అది చెల్లదు.

పరిశీలన చేసిన తీరు

అంతకు ముందు కొన్ని నెలలుగా ఆయన రాసిన నివేదికలూ మెయిళ్లూ తెప్పించుకున్నాను. ఎర్ర గీతలు గీయలేదు. ఒక్కో వాక్యాన్ని నేను పైకి చదివి, తెలుగులో అప్పుడు ఏం చెప్పదలచుకున్నారో చెప్పమని అడిగాను. కాగితం ఆయనకు చూపించలేదు, ఎందుకంటే ఎదురుగా ఉంటే ఉద్దేశాన్ని చెప్పే బదులు ఉన్న పదాలనే అనువదిస్తారు. జ్ఞాపకంలో ఉన్న సంఘటనను వివరించమంటేనే అసలు ఉద్దేశం బయటపడుతుంది. ఆయన తెలుగు మాటను రాసుకుని, తెలుగు తెలియని పాఠకుడు ఆ ఇంగ్లీషు వాక్యం నుంచి ఏం గ్రహిస్తాడో దాని పక్కన రాశాను. రెండూ కలవని చోట్లే మాకు కావలసినవి.

ఈ పద్ధతిలో ముందుగా బయటపడ్డది ‘యూజ్డ్ టు’. ఒక నివేదికలో ‘ద ఆపరేటర్స్ యూజ్డ్ టు చెక్ ద ఆయిల్ లెవెల్ ఎవ్రీ షిఫ్ట్’ అని ఉంది. తెలుగులో చెప్పమంటే ఆయన, ‘ప్రతి షిఫ్టులో ఆపరేటర్లు ఆయిల్ లెవెల్ చూస్తుంటారు, అది వాళ్ల అలవాటు’ అన్నారు. ఇంగ్లీషు వాక్యం చెప్పేది వేరు: ఒకప్పుడు చూసేవారు, ఇప్పుడు చూడడం లేదు. నడుస్తున్న అలవాటుకు ‘చెక్’ అన్న మామూలు వర్తమాన రూపం చాలు. అలవాటు పడ్డారని చెప్పాలంటే ‘ఆర్ యూజ్డ్ టు చెకింగ్’ అనాలి. ‘చూస్తుంటారు’, ‘చూసేవారు’ అన్న రెండు రూపాలు తెలుగులో స్పష్టంగా వేరైనప్పుడు ఇంగ్లీషులో ఎందుకు కలిసిపోయాయని ఆయనే ఆశ్చర్యపోయారు. ‘యూజ్డ్ టు అంటే అలవాటు’ అని ఒక్క ముక్కలో నేర్చుకోవడమే కారణం. ఆ నిర్వచనంలో కాలం లేదు. ఒక ఆయిల్ లెవెల్ విషయంలో ఈ తేడా ఎంత దూరం పోతుందో ఊహించవచ్చు: విధి నిర్వహణలో ఏ లోపమూ లేని మనుషులు పని మానేశారని నివేదిక చెబుతోంది.

చేయకూడదు, చేయనక్కర్లేదు

నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది ఒక పని సూచనల కాగితం. ‘యు డోంట్ హ్యావ్ టు ఓపెన్ ద బైపాస్ వాల్వ్ వైల్ ద లైన్ ఈజ్ అండర్ ప్రెషర్’ అని అందులో ఉంది. ఆయన ఉద్దేశం ‘లైనులో ప్రెషరు ఉండగా బైపాస్ వాల్వు తెరవకూడదు’ అని. వాక్యం చెప్పేది ‘తెరవనక్కర్లేదు’ అని. అంటే, కావాలంటే తెరుచుకోవచ్చు, అవసరం మాత్రం లేదు. నిషేధం కాస్తా వెసులుబాటు అయిపోయింది.

ఇది ఎలా జరుగుతుందో చూడడం ముఖ్యం. ‘యు మస్ట్ ఓపెన్’, ‘యు హ్యావ్ టు ఓపెన్’ అనే రెండూ దాదాపు ఒకటే చెబుతాయి. రెంటికీ తెలుగు ‘తెరవాలి’. పాఠశాలలో ఈ రెంటినీ సమానార్థకాలుగా నేర్పుతారు, అది సరైనదే. అయితే వ్యతిరేక రూపంలోకి వెళ్లగానే ఆ సమానత్వం పోతుంది. ‘మస్ట్ నాట్’లో నాట్ పనిని పట్టుకుంటుంది: తెరవకుండా ఉండడం తప్పనిసరి. ‘డోంట్ హ్యావ్ టు’లో వ్యతిరేకత తప్పనిసరి అన్న భావాన్నే పట్టుకుంటుంది: తెరవడం తప్పనిసరి కాదు. ‘నీడ్ నాట్’ది కూడా ఈ రెండో అర్థమే. ‘కూడదు’, ‘అక్కర్లేదు’ అన్న మాటలను మనం ఏనాడూ తారుమారు చేయం. పాఠ్యపుస్తకాల్లో ‘తెరవాలి’ పక్కన రెండు ఇంగ్లీషు రూపాలు చూపించినట్టే, ‘తెరవకూడదు’, ‘తెరవనక్కర్లేదు’ అన్నవాటి పక్కన వేరువేరు రూపాలు చూపిస్తే ఈ ఇబ్బంది చాలావరకు రాదు.

‘మే నాట్’ ఇంకా చిక్కైనది, ఎందుకంటే ఇక్కడ తప్పు నేర్చుకునేవారిది కాదు, ఆ మాటదే. ‘కాంట్రాక్టర్స్ మే నాట్ ఎంటర్ ద పంప్ రూమ్ డ్యూరింగ్ టెస్టింగ్’ అంటే ‘ప్రవేశించకూడదు’ అనీ చదవవచ్చు, ‘ప్రవేశించకపోవచ్చు’ అనీ చదవవచ్చు. ప్రమాణాలు రాసే సంస్థలు ఈ ఇబ్బందిని ఎప్పుడో గుర్తించాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ రచనా నియమాల్లో ‘షల్’ తప్పనిసరికి, ‘షుడ్’ సిఫార్సుకు, ‘మే’ అనుమతికి, ‘కెన్’ సాధ్యతకు అని విడగొట్టారు. నిషేధం చెప్పడానికి ‘మే నాట్’ వాడవద్దని ప్రత్యేకంగా చెప్పారు. ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల కోసం 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2119 కూడా మస్ట్, మస్ట్ నాట్, షుడ్, మే వంటి మాటలకు కచ్చితమైన అర్థాలు నిర్ణయించింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు కూడా ఒప్పందం చేసుకుంటే తప్ప ఈ మాటలను ఒకే అర్థంలో చదవరన్నమాట. ఇంజనీరు సంస్థలో అలాంటి ఒప్పందమేదీ లేదు. అందువల్ల పని సూచనల్లో నిషేధానికి ‘మస్ట్ నాట్’ ఒక్కటే వాడాలని, ‘మే నాట్’ను పూర్తిగా వదిలేయాలని సూచించాను. వాళ్లు అంగీకరించారు.

గడువులు, సంఖ్యలు

‘బై’, ‘అన్‌టిల్’ మధ్య తేడా విషయంలో ఆయన మెయిళ్లు నిలకడగా లేవు. ‘ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ అన్‌టిల్ ఫ్రైడే’ అన్న వాక్యం వింతగా ఉంటుంది కాబట్టి చదివేవారు సర్దుకుని అర్థం చేసుకుంటారు. ప్రమాదం ‘ద లైన్ విల్ బి షట్ బై ఫ్రైడే’ వంటి వాక్యంలో ఉంది. శుక్రవారంకల్లా లైను ఆపేస్తామని దాని అర్థం. ఆయన చెప్పదలచుకున్నది శుక్రవారం వరకు లైను ఆగి ఉంటుందని. ‘వరకు’కు అన్‌టిల్, ‘కల్లా’కు బై అని చెప్పేస్తే సరిపోతుందనిపిస్తుంది, కానీ సరిపోదు. చాలామంది మాటల్లో ‘సాయంత్రం వరకు వస్తాను’ అంటే సాయంత్రంకల్లా వస్తాననే అర్థం. ఆ వాడుక ఉన్నవారికి ‘వరకు అంటే అన్‌టిల్’ అన్న సూత్రం తప్పుదారి చూపిస్తుంది. నేను ఇచ్చిన పరీక్ష వేరు: ఆ పని అంతసేపూ సాగుతూ ఉండేదా, లేక ఒక క్షణంలో జరిగిపోయేదా? ఆగి ఉండడం, వేచి ఉండడం, నడుస్తూ ఉండడం సాగేవి, కనుక అన్‌టిల్. పంపడం, ముగించడం, చేరడం ఒక క్షణానివి, కనుక బై. ‘బై ఫ్రైడే’లో శుక్రవారం కూడా లెక్కలోకి వస్తుందని, ‘బిఫోర్ ఫ్రైడే’లో రాదని కూడా చెప్పాను. మన ‘శుక్రవారంలోపు’లో ఆ సంగతి అంత కచ్చితంగా ఉండదు కాబట్టి ఈ తేడా ఆయనకు కొత్తగా తోచింది.

‘నెక్స్ట్ ఫ్రైడే’ అంటే రాబోయేదా, ఆ పైదా అన్న విషయంలోనూ, ‘బైవీక్లీ’ అంటే వారానికి రెండుసార్లా, రెండు వారాలకు ఒకసారా అన్న విషయంలోనూ ఇంగ్లీషు వారికే ఏకాభిప్రాయం లేదు. నిఘంటువులు బైవీక్లీకి రెండర్థాలూ ఇస్తాయి. వీటిని నేర్పడం కాలయాపన. తేదీ రాయాలి, అంతే.

‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ కథ ఒక్క అక్షరం మీద నడుస్తుంది. ‘దేర్ ఆర్ ఫ్యూ స్పేర్ గాస్కెట్స్ ఇన్ ద స్టోర్’ అని ఆయన రాశారు. కొన్ని ఉన్నాయి, కంగారు లేదు అని ఆయన భావం. ‘ఎ’ లేకపోవడంతో అది ‘దాదాపు లేవు’ అన్న హెచ్చరిక అయింది. అవసరం లేని ఆర్డరు వెళ్లింది. తెలుగులో ఆర్టికల్ అన్నదే లేదు గనుక ‘ఎ’ రాలిపోవడం మనకు చాలా సహజం. మిగతా చోట్ల అది రాలిపోతే వాక్యం కొంచెం మొరటుగా ఉంటుంది, అంతకుమించి నష్టం లేదు. ఇక్కడ మాత్రం అర్థమే తలకిందులవుతుంది. ‘లిటిల్’, ‘ఎ లిటిల్’ విషయంలోనూ ఇదే జరుగుతుంది.

నష్టం లేనివి, ఉన్నట్టు కనిపించేవి

తికమక పదాలు అనగానే పుస్తకాలన్నీ ముందు చెప్పేవి ప్రిన్సిపల్ జంట, స్టేషనరీ జంట, కాంప్లిమెంట్ జంట. వినడానికి ఒకేలా ఉండి ఒకటి రెండు అక్షరాలు మారేవి. ఇంజనీరు వీటిలో ఒకటి రెండు తప్పులు చేసి ఉన్నారు. వాటిపై నేను కొద్ది నిమిషాలకు మించి సమయం పెట్టలేదు. స్పెల్లింగు తప్పినా చదివేవారికి సందర్భం బట్టి ఏ పదమో తెలిసిపోతుంది, ఎవరూ తప్పు పని చేయరు.

ఈ గుంపులో ఒక్కదానికి మినహాయింపు ఇచ్చాను: అఫెక్ట్, ఎఫెక్ట్. రెండూ లాటిన్‌లో ‘చేయడం’ అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి వేరువేరు ఉపసర్గలతో వచ్చినవి. సాధారణంగా మొదటిది ప్రభావం చూపడం అనే క్రియ, రెండోది ప్రభావం అనే నామవాచకం. తెలుగు మాటల్లో మనం ‘మోటారు ఎఫెక్ట్ అయింది’ అంటూ ఎఫెక్ట్‌ను క్రియగా వాడతాం కనుక రాతలోనూ అదే వస్తుంది. చిక్కేమిటంటే ఎఫెక్ట్‌కు ఇంగ్లీషులో కూడా క్రియారూపం ఉంది, దాని అర్థం ‘జరిగేలా చేయడం’. ‘టు ఎఫెక్ట్ రిపేర్స్’ అంటే మరమ్మతు చేయడం, ‘టు అఫెక్ట్ రిపేర్స్’ అంటే మరమ్మతు పనిపై ప్రభావం పడడం. ‘ద షట్‌డౌన్ విల్ ఎఫెక్ట్ ద రిపేర్స్’ అని రాస్తే, షట్‌డౌన్ వల్ల మరమ్మతు పూర్తవుతుందన్న అర్థం వచ్చే వీలుంది. మరమ్మతుల నివేదికలు రాసే మనిషికి ఇది స్పెల్లింగు సమస్య కాదు.

‘ఇన్‌ఫ్లేమబుల్’ గురించి ఆయనే అడిగారు. మొదట ఉన్న ‘ఇన్’ను చూసి ‘మండనిది’ అని కొందరు పొరబడతారు. అది వ్యతిరేకార్థకం కాదు. మంట అంటుకోవడం అనే అర్థమున్న లాటిన్ క్రియలోనే ఉన్న ముక్క. ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ రెండూ తేలికగా మండేవే. ఈ పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుందని గ్రహించే అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1920ల్లో ‘ఫ్లేమబుల్’ వాడకాన్ని ప్రోత్సహించింది. ఆయనకు అర్థం ముందే తెలుసు. రాసేవారికి తెలిసినంత మాత్రాన బోర్డు చదివేవారికీ తెలుస్తుందని లేదు కనుక, ఫ్లేమబుల్, నాన్-ఫ్లేమబుల్ అన్న జంటనే వాడమన్నాను.

చికిత్స, దాని ఫలితం

ఆయన దగ్గర పోటీ పరీక్షల కాలం నాటి ఒక నోట్‌బుక్ ఉంది. అందులో జంట పదాలు ఎదురెదురుగా రాసి, అర్థాలు కంఠస్థం చేశారు. బై పక్కన అన్‌టిల్, డౌట్ పక్కన సస్పెక్ట్. మొదటి పని ఆ నోట్‌బుక్ పక్కన పెట్టించడం. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న కొత్త పదాలను ఒకేసారి నేర్చుకుంటే అవి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయని, విడివిడిగా నేర్చుకున్నదానికంటే ఎక్కువ శ్రమ పడుతుందని థామస్ టింకమ్ 1993లోనూ రాబ్ వేరింగ్ 1997లోనూ ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. బోధనలో నా అనుభవం కూడా అదే. రాసే క్షణంలో జంట గుర్తుకొస్తుంది, ఏది దేనికన్నది గుర్తుకు రాదు.

అందువల్ల జంటలో ఒక్కదాన్నే తీసుకుని, ఆయన రోజూ రాసే వాక్యంలో కూర్చి, అది చేతికి వచ్చేదాకా రెండోదాన్ని ముట్టుకోనివ్వలేదు. డౌట్ విషయంలో ఇంకాస్త కఠినంగా ఉన్నాను: నివేదికల్లో ఆ పదమే వద్దన్నాను. కారణం ఇదేననుకుంటే ‘ద లైక్లీ కాజ్ ఈజ్’, కాదనుకుంటే ‘ఐ డోంట్ థింక్’. ఈ రెంటిలో మొగ్గు దాచడానికి వీల్లేదు. పంపే ముందు ప్రతి ముఖ్య వాక్యానికీ తెలుగులో ‘అవునంటున్నానా, కాదంటున్నానా?’ అని ఆయన తనను తాను ప్రశ్నించుకోవాలి. పని సూచనలైతే, తెలుగు రాని సహోద్యోగి ఒకరు చదివి, తాను ఏం చేయబోతాడో తిరిగి చెప్పాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. ఏం చేస్తావని అడిగితే తప్పుగా అర్థమైనది బయటపడుతుంది.

ఫలితాలు సమానంగా లేవు. డౌట్ పోయింది, తిరిగి రాలేదు. నిషేధ వాక్యాలన్నీ ‘మస్ట్ నాట్’లోకి మారాయి, పాత సూచనల కాగితాలను కూడా తిరగరాశారు. యూజ్డ్ టు తొందరగానే సర్దుకుంది, ఎందుకంటే తెలుగులో ఉన్న రెండు రూపాలూ ఆయనకు అండగా నిలిచాయి. బై, అన్‌టిల్ నివేదికల్లో బాగుపడ్డాయి గానీ హడావుడిగా పంపే మెయిళ్లలో ఇంకా తారుమారవుతున్నాయి. ‘ఎ ఫ్యూ’లోని ‘ఎ’ మాత్రం నిలవడం లేదు. మాతృభాషలో లేని వస్తువును చూసే అలవాటు కంటికి అంత త్వరగా రాదు. అక్కడ పోరాటం ఆపి, స్టోరులో ఎన్ని ఉన్నాయో అంకె వేయమన్నాను.

ఇప్పుడు మా ముందున్నది ప్రమాదాల మూలకారణ నివేదిక. ‘ద ఆపరేటర్ మస్ట్ హ్యావ్ క్లోజ్డ్ ద వాల్వ్’ అంటే ఆపరేటరు వాల్వు మూసే ఉంటాడన్న ఊహ. ‘షుడ్ హ్యావ్ క్లోజ్డ్’ అంటే సాధారణంగా ‘మూయవలసింది, మూయలేదు’ అన్న ఆరోపణ. ‘మూసి ఉండాలి’, ‘మూసి ఉండాల్సింది’ అని తెలుగులో చివరి ముక్క మారితే సరిపోతుంది. ఇంగ్లీషులో ఎంచుకున్న సహాయక క్రియను బట్టి ఒక మనిషి పని చేసినట్టో, చేయనట్టో నమోదవుతుంది. దీన్ని నేర్చుకునే వరకు ఆయన ఆ నివేదికల్లో ఈ రెండు రూపాలూ వాడకుండా, వాల్వు తెరిచి కనిపించిందో మూసి కనిపించిందో, ఎవరు ఏ సమయంలో చూశారో మాత్రమే రాస్తున్నారు.